తేలని గాజు

"కాస్త ఇటు జరిగి కూర్చోరా, బెంచీ అంతా ఖాళీయేగా," అంది అక్క, తను పనిచేసే ల్యాబులో, గాజును ఒత్తే ప్రెస్సు మర బిగిస్తూ.

తమ్ముడు మోకాళ్లు ముడుచుకుని బెంచీ చివరే కూర్చున్నాడు. చేయని దొంగతనానికి జైల్లో ఏళ్లు గడిపి, కేసు కొట్టేస్తే మొన్ననే బయటికొచ్చాడు.

"ఇంట్లోనూ ఇంతే. అంత పెద్ద మంచమిస్తే గోడకంటుకుని పడుకున్నావు."

"అక్కడ ఒక పక్కకే పడుకోవాలక్కా. వెల్లకిలా తిరిగితే పక్కవాడు తన్నేవాడు."

"ఇప్పుడెవడున్నాడ్రా తన్నడానికి? ఆ పీడ వదిలింది. నాలుగు రోజుల్లో నువ్వే మామూలు మనిషివైపోతావు."

అతన్ని కాస్త నవ్విద్దామని, ప్రెస్సు విప్పి శనగగింజంత గాజుముక్క చేతిలో పెట్టింది.

"కొండలు పిండయ్యేంత ఒత్తిడి పెట్టాను. ఎక్కడైనా పగిలిందా?"

"గీత కూడా పడలేదే!"

బల్లమీద సీసాలో బరువైన ద్రవం ఉంది. ఆమె అందులో మామూలు గాజుముక్క వేస్తే తేలింది. ఒత్తిన ముక్క వేస్తే నేరుగా అడుక్కి పోయింది.

"అదేంటక్కా?"

"లోపలి అల్లికంతా నొక్కుకుపోయింది. అదే గాజు, తక్కువ చోట్లో ఇరుక్కుంది. ఒత్తిడి తీసేసినా ఇక విచ్చుకో..."

ఆమె చూపు తమ్ముడి ముడుచుకున్న మోకాళ్ల మీద పడింది.

తమ్ముడు సీసా మీదికి వంగాడు. "కాసేపాగితే తేలుతుందేమో."

తేలుతుందనే చెప్పబోయింది అక్క. కానీ నిరుడు ఒత్తి వేసిన ముక్కలన్నీ ఇంకా సీసా అడుగునే ఉన్నాయి. అతను వాటినే చూస్తున్నాడు.