వెనక్కి నెట్టిన దూడ

"ఈ చిన్నదాని చదువు కోసమే నా ఎకరా ముప్పై సెంట్ల పొలమంతా అమ్ముకున్నాను!" ఈనలేక అవస్థ పడుతున్న ఆవు పక్కన నిలబడి, అన్న పక్కింటి పాలాయనకు మొర పెట్టుకున్నాడు. "ఇప్పుడు చూడు, బయటికి రావలసిన దూడను లోపలికి నెడుతోంది!"

పశువుల డాక్టరైన చెల్లెలు భుజం దాకా చెయ్యి లోపల పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. దూడ కాలు ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"ఐదో తరగతితో బడి మానేసిన నాకే తెలుసు, లాగాలని. ఐదేళ్ళు కాలేజీలో ఏం వెలగబెట్టావే?"

"నువ్వు పొద్దుట్నుంచీ లాగబట్టే ఇరుక్కుంది, అన్నయ్యా. రెండో కాలు లోపల మడత పడింది. దూడను వెనక్కి నెడితేనే కాలు చాపడానికి చోటు దొరుకుతుంది. కాస్త నోరు మూసుకుని తోక పట్టుకో."

అన్న తోక పట్టుకున్నాడు. పొలం పోయాక అతనికి మిగిలింది ఈ ఒక్క ఆవే.

చెల్లెలి చెయ్యి లోపల మెల్లగా తిరిగింది. రెండో గిట్ట బయటికొచ్చింది.

"ఇప్పుడు లాగు, నీ సరదా తీరుతుంది," అంది.

దూడ జారి అతని ఒళ్ళోనే పడింది. చెల్లెలు దాని ముక్కులో గడ్డిపరక పెట్టగానే అది తుమ్మింది.

అన్న తన తువ్వాలుతో దాని మొహం తుడుస్తూ ఉండిపోయాడు.

"పేరేం పెడతావు?" నవ్వింది చెల్లెలు.

"ఎకరా ముప్పై సెంట్లు."