పై మూల రాళ్ళు

రోపతి అంతటి భూమిదొంగ ఆ కొండ మొత్తం మీద ఇంకొకడు లేడని ఫెతు కడుపుమంట.

ఏడాదికో బార చొప్పున కంచె పైకి జరుపుతూ వచ్చాడు రోపతి. ఇప్పుడు ఫెతు ఇంటి వెనక చేమతోట కూడా తన తాతలదేనంటూ కోర్టుకెక్కాడు. ఇంకో నెలలో విచారణ.

ఆ మంటలో ఉండగా వచ్చాడు ముసలాయన. సవాయి దీవి నుంచి ఓడలో వచ్చి, గొడుగు ఊతంగా ఎండలో కొండంతా ఎక్కి, ఇంటి ముందు నిలబడ్డాడు.

"అబ్బాయీ, నీ తోట పై మూలన రాళ్ళ సమాధి ఒకటి ఉండాలి. ఉందా?"

"ఉంటే?"

"మా అన్నది. రాళ్ళు సర్ది, తెల్ల గులకరాళ్ళు పరిచిపోదామని వచ్చాను."

ఫెతు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ కొండ మీద ఎవరికీ పత్రాల్లేవు. ఎవరి వాళ్ళని ఎక్కడ పూడ్చారో అక్కడి నేల వాళ్ళది. కోర్టు కూడా ముందు సమాధులే చూస్తుంది.

ఫెతుకి ఏడేళ్ళప్పుడే తండ్రి చేపలవేటకి వెళ్ళి సముద్రంలో పోయాడు, సమాధి కూడా లేదు. తాత ముఖం తెలియదు. ఆ రాళ్ళకుప్ప ఎవరిదో చెప్పినవాళ్ళు లేరు.

"రోపతి పంపాడా నిన్ను?"

"నన్నెవరూ పంపలేదు నాయనా."

"అబ్బో, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు! ఏ ఇంటివాడివి నువ్వు?"

"కూర్చున్నాక చెబుతాను."

ఫెతు భార్య మెలే చాప తెచ్చింది. "అదేం అడగడమయ్యా? పెద్దాయన్ని వీధిలో నిలబెట్టి వంశం అడుగుతారా ఎవరైనా? ముందు లోపలికి పిలువు."

"చాప తియ్యి! కూర్చోబెడితే ఇక్కడే పాతుకుపోతాడు."

ముసలాయన చాప వంక చూశాడు. ఫెతు వంక చూశాడు.

"పాస్టరుగారింట్లో ఉంటాను. రేపు పొద్దున వస్తాను" అని మెల్లగా దిగిపోయాడు.

"గుక్కెడు కొబ్బరినీళ్ళైనా ఇవ్వనివ్వలేదు" అంది మెలే.

"ఇవ్వవే. నెల తిరిగేసరికి ఆ సమాధి చూపించి నేల మాదంటాడు. అప్పుడు నీ చాప రోడ్డు మీద పరుచుకుందాం."

తెల్లారగానే ఫెతు గునపంతో పై మూలకి పోయాడు. రాళ్ళన్నీ లోయలోకి దొర్లించాడు. తవ్వాడు. ఎముకలు బయటపడ్డాయి. ఆగలేదు.

వెనక అలికిడైతే తిరిగి చూశాడు. ముసలాయన. చేతిలో బుట్టెడు తెల్ల గులకరాళ్ళు.

ఫెతు గునపం బిగించి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాడు. మీద పడతాడనుకున్నాడు.

ముసలాయన బుట్ట దించి, చొక్కా విప్పి నేల మీద పరిచాడు. గోతిలోకి దిగి, ఒక్కొక్క ఎముకా తుడిచి అందులో పెట్టాడు.

"మా అన్న ఎవరికీ అడ్డం కాకూడదు. తీసుకుపోతాను."

"పో. మళ్ళీ ఈ కొండెక్కావంటే ఊరుకోను."

మూట గుండెలకి పట్టుకుని, చొక్కా లేని ఒంటితో దిగిపోయాడు ముసలాయన.

ఫెతు గొయ్యి పూడ్చి చేమ పిలకలు నాటాడు. ఆ నెలంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

విచారణ రోజు న్యాయమూర్తులు కొండ మీదికే వచ్చారు. రోపతి కంచె పక్కనున్న తన నాయనమ్మ సమాధి చూపించాడు, సున్నం కొట్టించి మరీ.

"మీ వాళ్ళవి?" అని ఫెతుని అడిగారు.

"సమాధుల్లేవండి. కానీ మూడు తరాలుగా మేమే సాగు చేస్తున్నాం."

"పై మూలన ఒకటి ఉండాలిగా?"

"అక్కడేం లేదండి. కావాలంటే తవ్వి చూసుకోండి!"

అక్కడ చేమ ఆకులు అప్పుడే జానెడు లేచాయి.

పెద్ద న్యాయమూర్తి గుమాస్తా వైపు తిరిగాడు. గుమాస్తా ఓ ఉత్తరం తీశాడు.

"ఫెతు తరఫున సాక్ష్యం చెబుతానని సవాయి నుంచి తోమసి అనే ముసలాయన రెండు నెలల కిందటే రాశాడండి. పోయిన మంగళవారం చనిపోయాడట."

"నా తరఫునా?" అన్నాడు ఫెతు. "అక్కడ నాకెవరూ లేరే!"

"రాసినవాడు లేడు, చూపిస్తానన్న సమాధీ లేదు" అన్నాడు పెద్ద న్యాయమూర్తి. "ఇక ఈ కాగితం చెల్లదు. నేల రోపతిదే."

రోపతి మనుషులు కేకలు పెట్టారు. ఫెతు ఆ గోలలోనే గుమాస్తా దగ్గరికి నడిచాడు.

"ఏం రాశాడండీ?"

గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని చదివాడు: "పై మూలన పడుకున్నవాడు మా అన్న, నా చేతులతోనే పూడ్చాను, ఫెతు వాడి మనవడు, నాకూ మనవడే, కనక ఆ ఎకరా పాతిక సెంట్లూ ఆ పిల్లవాడివే."