ఒక్కసారి తాతా అను

ఆ తల్లికి ఉన్న పెద్ద భయం ఒక్కటే, కూతురి మాట మళ్ళీ పడిపోతుందేమోనని.

కిందటి వానాకాలంలో చిట్టికి ఉన్నట్టుండి గొంతు పోయింది. మేడమెట్ల పక్కన పాడుబడ్డ లిఫ్టు ఉంది. ఆ కటకటాల దగ్గర ఆడుకుని వచ్చిన సాయంత్రమే పోయింది.

లిఫ్టు గోతిలో గొంతులు మింగేది ఒకటుందని, అది పిలిస్తే పలకకూడదని పిల్లలు చెప్పుకునేవారు. పెద్దవాళ్ళు నవ్వేవారు.

వారం తిరక్కుండా చిట్టికి మాట వచ్చింది. కాస్త జీరగా.

"అంతా సిరప్పు మహిమ," అంది తల్లి.

అప్పటినుంచీ ఆమెకి కంట్లో నలుసులు ఇద్దరు. వాచ్‌మన్ తాత, అతని మూగ మనవరాలు.

తాత రోజూ ఏదో ఒక వంకతో తలుపు తట్టేవాడు.

"చిట్టితల్లీ, ఒక్కసారి తాతా అను."

"తాతా!"

ముసలాడు కళ్ళు మూసుకుని వినేవాడు.

"చాల్లే, దిష్టి కొట్టేలా ఉన్నావు," అని తల్లి అతని మొహాన తలుపేసేది. "సొంత మనవరాలు పుట్టుమూగ. పరాయి పిల్ల మాట మీద పడ్డాడు!"

పుట్టుమూగో కాదో ఆమెకేం తెలుసు? అడిగితే కదా. వాచ్‌మన్ గదిలో పిల్ల మాట్లాడితే ఎవరికి, మానేస్తే ఎవరికి!

ఇవాళ మధ్యాహ్నం బట్టలు ఆరేసి మెట్లు దిగుతూ తల్లి కెవ్వుమంది. లిఫ్టు దగ్గర మూగపిల్ల రెండు చేతులా చిట్టి నోరు నొక్కేస్తోంది.

చెంప ఛెళ్ళుమంది.

"నీకు లేదని నా బిడ్డకీ లేకుండా చేస్తావా, మొద్దుమొహమా?"

ఆ పిల్ల ఏడవలేదు. లిఫ్టు వైపు వేలు చూపించింది.

"నాకే వేలు చూపిస్తావా? ఏముందక్కడ, మీ తాత దాచిన బంగారమా?"

"చిట్టీ... ఇటు రా అమ్మా!"

పిలుపు గోతిలోంచి. గొంతు అచ్చం తల్లిదే.

చిట్టి పలకబోయింది. ఈసారి ఆ నోరు తల్లే నొక్కింది.

మూగపిల్ల కటకటాల సందులోంచి దూరింది. ఇనపతాడు పట్టుకుని చీకట్లోకి జారిపోయింది.

పిలుపు ఆగింది.

చిట్టి విదిలించుకుని "తాతా!" అని అరిచింది.

ఆ గొంతు వినగానే గేటు దగ్గరున్న ముసలాడు పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. చిట్టిని చూడలేదు. గోతిలోకి చూశాడు.

"మళ్ళీ దిగిందా?"

"మళ్ళీ ఏమిటి?" అంది తల్లి.

"వానాకాలంలో ఓసారి దిగిందమ్మా. 'చిట్టి మాట తెచ్చేస్తా తాతా' అంది. అదే దాని ఆఖరి మాట. తెల్లారేసరికి నా మనవరాలి గొంతు మీ ఇంట్లోంచి వినబడింది. అది వినడానికే రోజూ వస్తున్నా."

తల్లి చిట్టిని చంకనేసుకుని ఇంట్లోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. ఎవరి బిడ్డ వాళ్ళకి బంగారం మరి.

ఆ గడియ ఇంకా తియ్యలేదు. తుప్పుపట్టిన కటకటాలు ఊడి రావడం లేదు, ముసలాడి భుజాలు ఆ సందులో పట్టవు.

అటుగా వెళ్తే, ఆ పిల్ల పైకొచ్చిందో లేదో కాస్త చూడండి. పిలిచి ఊరుకోకండి, వంగి చూడండి. పలకడానికి ఆ పిల్ల దగ్గర గొంతు లేదు.