దోనెకి నీళ్ళు

"ఏయ్ మామ్మా! ఆ బిందె కింద పెట్టు!"

హెడ్ కానిస్టేబులు కనకరాజు కేకకి ముసలావిడ ఆగింది. ఆగింది గానీ బిందె దించలేదు. వంచేసింది.

నీళ్ళన్నీ తాటిదోనెలో పడ్డాయి.

స్టేషను పెరడంతా దిక్కులేని సరుకే. ఎవరూ రాని సైకిళ్ళు, చక్రాల్లేని మోపెడ్లు, సీట్లోంచి తుమ్మమొక్క మొలిచిన ఆటో. వాటి పక్కన ఈ దోనె, తాటిమాను తొలిచి చేసిన పడవ. కిందటేడు బుడమేరు పొంగి, వరద తీసేశాక కొల్లేటి గట్టున దొరికింది. తెచ్చి ఎండలో పడేశారు. ఊళ్ళల్లో చాటింపు వేయించారు. నాదంటూ ఎవరూ రాలేదు.

"దోనె నీదా?" అన్నాడు కనకరాజు.

"కాదండి బాబుగారూ."

"మీవాళ్ళదా?"

"కాదండి."

"మరి దానికి రోజూ తానాలెందుకు పోస్తున్నావు?"

"తాటిమానండి. ఎండితే నిలువునా చీలిపోద్ది. మా లంకల్లో పని లేనప్పుడు నీళ్ళలో ముంచి ఉంచుతారు. మీరేమో వడియాలు పెట్టినట్టు ఎండబెట్టేరు!"

లోపల రైటరు సత్తిబాబు ఫక్కున నవ్వాడు.

కనకరాజుకి ఒళ్ళు మండింది. "నాకు తెలుసులే. సారా మోసిన దోనై ఉంటది. నాదంటే కేసు పెడతామని భయం. అంతేనా?"

"సారాయో చేపలో నాకేం తెలుసండి. దీని మీద బువ్వ తినేవాడు ఎవడో ఒకడుంటాడు కదండీ. వాడొచ్చేసరికి పొయ్యిలోకి తప్ప పనికిరాకుండా పోతే ఎలాగండి?"

"వచ్చేవాడైతే ఈపాటికి రాడా?"

ఆవిడ ఖాళీ బిందె చంకనెత్తుకుని రోడ్డవతల కాలవ వైపు వెళ్ళిపోయింది.

పేరు దానమ్మట. వరదకి లంక మునిగాక ఈ ఊరొచ్చి, చర్చి పక్క పాకలో ఒక్కతే ఉంటోందిట. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ పనికి పోతూ ఓసారి, వస్తూ ఓసారి దోనె తడిపి, పైన తడి గోనెలు కప్పి మరీ పోతోంది.

వేసవి ముదిరింది. కొత్త ఎస్సై క్రాంతికుమార్ పెరడు చూసి ముక్కు మూసుకున్నాడు.

"కనకరాజుగారూ, స్టేషన్లో దోమలు పెంచుతున్నారా? వేలానికి కోర్టు ఆర్డరొచ్చింది. ఇదంతా శుభ్రం చేయించండి."

దోనె బోర్లించి నీళ్ళు పారబోశారు. సాయంత్రం కనకరాజు దానమ్మని గేటు దగ్గరే ఆపేశాడు.

"వేలమమ్మా. ఎవడో టీ కొట్టువాడు కట్టెల కింద కొనుక్కుంటాడు. ఇంక రాకు."

"కట్టెలకా?" ఆవిడ గేటు ఊచలు పట్టుకుంది. "దణ్ణం పెడతాను బాబుగారూ. వేలం దాకానైనా తడపనివ్వండి. ఆ మనిషి వస్తే..."

"ఏ మనిషి? పేరు చెప్పు, కబురంపుతాను."

"పేరు తెలీదండి."

"భలేదానివి!"

గేటు వేసేశాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పెరట్లో ఏదో చప్పుడైతే కనకరాజు కిటికీలోంచి చూశాడు. ప్రహరీ అవతల నుంచి దానమ్మ చెంబుతో నీళ్ళు విసురుతోంది. సగం గోడకి, సగం నేలకి. దోనె మీద పడేవి నాలుగు చుక్కలు.

కాసేపు చూశాడు. మరి కూర్చోలేకపోయాడు.

"ఆ విసరడాలేంటి, లోపలికొచ్చి పొయ్యి!" అని వెళ్ళి గేటు తీశాడు.

దోనె తిరగేసి పెట్టింది కూడా అతనే.

ఆ ఎండలో ఎన్నిసార్లు కాలవకి తిరిగిందో. ఆ తరవాత మాత్రం ఆవిడ కనబడలేదు.

ఒకరోజు చూశాడు. రెండోరోజు ఎస్సై లేని వేళ చూసి, పంపు దగ్గర బకెట్టు నింపుకుని కనకరాజే బయల్దేరాడు.

"ఏంటండీ, మీకూ అంటుకుందా?" అన్నాడు సత్తిబాబు.

"నోర్ముయ్. ఆవిడొచ్చి పొడిగా ఉందంటే తిట్లు తినేది నేను."

వేలం పొద్దున చేతికర్ర పొడుచుకుంటూ ఒకతను వచ్చాడు. తాతారావు. వల మీద బతికేవాడు.

"దోనె నాదండి. అడుగున రేకుముక్క అతుకుంటది, నేనే కొట్టాను. చూసుకోండి."

చూశారు. ఉంది.

"వరదలో జనాన్ని దాటిస్తూ, ఇంకొకరి కోసం తిరిగెళ్తుంటే సుడికి తిరగబడిందండి. కాలు నుజ్జయిపోయింది. ఏలూరు ఆసుపత్రిలో ఇనపకడ్డీ వేశారు. నెలల తరబడి మంచమే. ఈపాటికి చీలికలై ఉంటదనుకున్నాను. స్టేషన్లో వేలమని విని మా ఆవిడే పోరి పంపింది."

అంటూనే దోనెని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో కొట్టి చూసుకున్నాడు. సన్నటి బీట కూడా లేదు.

"ఇంత బాగా ఎవరు చూశారండీ?"

"పద, చూపిస్తాను. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టుకుందువుగాని" అన్నాడు కనకరాజు, ఎక్కడలేని హుషారుగా. ఎస్సైకి చెప్పి, అతన్ని బండెక్కించుకున్నాడు.

చర్చి ముందు జనం నిలబడి ఉన్నారు.

పాస్టరు కృపానందం గారు ఎదురొచ్చారు. "దానమ్మ గారు తెల్లారుతూనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి. వడదెబ్బ. పడిపోయినప్పట్నుంచీ మూసిన కన్ను తెరవలేదు. వరదలోనే భర్త పోయాడు. ఇంకెవరూ లేరు, మేమే సమాధి చేస్తున్నాం."

కనకరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తాతారావు కర్ర ఊనుకుంటూ లోపలికెళ్ళాడు. బెంచీ మీద దుప్పటి కప్పిన మనిషి మొహం చూశాడు. చూసి, అలాగే నేల మీద కూలబడిపోయాడు.

"ఎరుగుదువా?" అన్నాడు కనకరాజు వంగి.

తాతారావు దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"దోనెలో ఒక్కరికే చోటుందని ఈవిణ్ణి ఎక్కించుకుని, మళ్ళీ వస్తానని చెప్పి, ఆవేళ పాక కప్పు మీద నేను వదిలేసొచ్చిన మనిషి... ఈవిడ పెనిమిటండి."