చౌరస్తాలో నిలువెత్తు బొమ్మ

"పొట్ట లోపటికి గుంజకుండ్రి అక్కా. జర ఫ్రీగ ఇడిచిపెట్టుండ్రి," అన్నాడు యోగా మాస్టరు బాలరాజు, ఫోను కన్నుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని.

బిందుమాధవి బిగపట్టిన ఊపిరి వదిలింది. నాచారంలో ఓ అపార్టుమెంటు డాబా మీద అతను క్లాసు నడుపుతాడు. ఫ్లెక్సీకి ఫొటో కావాలంటూ ఆమెనొక్కదాన్నే అందరికంటే ముందు రమ్మన్నాడు. నవ్వొద్దని కూడా అన్నాడు. యోగం ఒంటబట్టినవాళ్ళ మొహంలో నవ్వుండదు, ప్రశాంతత ఉంటుందని ఆమె తనకు తానే అర్థం చెప్పుకుని, మూతి బిగించి పక్కకు తిరిగి నిలబడింది.

"క్లాసులో ఇంతమంది ఉండగా నేనే ఎందుకు మాస్టారూ?" అంది, జవాబు తెలిసే.

"మీ అసుంటోళ్ళు ఇంకొకలు లేరక్కా. ఈ ఫొటో సూసినోళ్ళు తెల్లారేసరికి సాపలు వట్టుకొని ఉరికొస్తరు, సూడుండ్రి."

ఆ మాటతోనే ఆమె కడుపు నిండిపోయింది. అయినా ఇంటికి వెళ్తూ బండి దగ్గర ఆగి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నది. యోగా చేసేవాళ్ళకు వేసేది శుద్ధమైన ఆకలని, దాన్ని అణచకూడదని ఆమె సిద్ధాంతం.

ఈ యోగా గొడవంతా ఆడపడుచు అన్నపూర్ణమ్మ వల్ల వచ్చింది. హబ్సిగూడలో ఓ పెళ్ళిలో చుట్టాలంతా ఫొటోకు నిలబడితే, ఆవిడ అందరికీ వినబడేలా, "నువ్వు చివరికి జరుగు బిందూ, నీ వెనక నలుగురు మరుగున పడిపోయారు" అంది. పెళ్ళికొడుకుతో సహా అందరూ నవ్వారు. తీరా ఆల్బం వచ్చాక చూస్తే అందులో బిందుమాధవి భుజం, సగం చెవి మాత్రమే ఉన్నాయి. ఆ రోజు తలుపేసుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఆ వదిన కళ్ళముందే నలుగురూ తన ఫొటో తలెత్తి చూసేదాకా ముద్ద మింగుడుపడదనుకుంది. ముద్దకేం, చక్కగానే దిగుతోంది గానీ పంతం మాత్రం అలాగే ఉంది.

అలా చేరిన క్లాసులో ఆమె త్వరలోనే పెద్దదిక్కయింది. సూర్యనమస్కారాలు సగంలో ఆపి, మిగతావాళ్ళ మోకాళ్ళు ఎక్కడ వంకర పోతున్నాయో చెప్పేది. శవాసనంలో మాత్రం ఆమెకు సాటిలేదు. గురక వినబడితే గానీ క్లాసు అయిపోయినట్టు లెక్క కాదు. ఇంటికొచ్చాక, లిఫ్టులో దొరికిన కింది అంతస్తు శ్యామలమ్మకు ప్రాణాయామం మీద ఉపన్యాసం ఇచ్చేది. పాపం ఆవిడ పాలపాకెట్టు పట్టుకుని తన అంతస్తు దాటిపోయి మరీ వినేది.

బరువు తూచే మిషను ముల్లు మాత్రం కదల్లేదు. కొవ్వంతా కండగా మారిపోతే ఆ తేడా మిషనుకేం తెలుస్తుందని దాన్ని మంచం కిందికి తోసేసింది. అదీగాక సాక్ష్యం ఒంటిమీదే ఉంది. ఊపిరాడనివ్వని జాకెట్లన్నీ వదులైపోయాయి. హుక్కులు ఊడిపోతున్నాయని భర్త చలపతిరావు వాటిని చిల్కానగర్‌లో దర్జీ శాంతాబాయి దగ్గరకు పట్టుకెళ్ళి కుట్టించుకొచ్చాడు. ఒంట్లో మార్పు ఆ తర్వాతే ఆమె గమనించింది. చంక దగ్గర వేలు దూర్చి చూపిస్తే, "అవునవును, చాలా తగ్గావు" అంటూ ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున నాచారం చౌరస్తాలో ఫ్లెక్సీ కడుతున్నారని తెలియగానే బిందుమాధవి అంబర్‌పేటలో ఉండే అన్నపూర్ణమ్మకు ఫోను చేసింది. ఏం చూపిస్తుందో చెప్పకుండా వదినను ఆటోలో రప్పించింది. చలపతిరావునూ, శ్యామలమ్మనూ, క్లాసులో ఆడవాళ్ళనూ వెంటేసుకుని, పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. ఈ గుంపును చూసి బాలరాజు తల గోక్కున్నాడు.

"గింతమందిని ఎందుకు తోల్కొచ్చిన్రక్కా? ఇంటికాడుంటే ఫోన్ల పంపుతుంటి గద."

గొప్పవాళ్ళకు వినయం ఎక్కువని బిందుమాధవి మురిసిపోయింది.

నిచ్చెన మీది మనిషి చుట్టిన ఫ్లెక్సీని ఎడమ పక్క నుంచి విప్పడం మొదలెట్టాడు. ముందు జడ కనబడింది, తర్వాత బిగించిన మూతి, తర్వాత నిలువెత్తు బిందుమాధవి. కుడి సగం ఇంకా చుట్టలోనే ఉంది, కింది అంచు మడత విడలేదు. ఉప్పల్ వైపు పోయే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు.

అన్నపూర్ణమ్మ తలెత్తి పైదాకా చూసింది. ఆ చూపుకు బిందుమాధవి చెవుల్లో మేళతాళాలు మోగాయి. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఈసారి నన్నెవరూ చివరికి జరపలేదు వదినగారూ," అంది మెల్లగా.

"నిజమేనే బిందూ," అంది అన్నపూర్ణమ్మ. ఆ గొంతులో ఓటమి ఉంది. "ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. ఎంత బాగా వేశారే నిన్ను."

ఇక చాలు, ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది బిందుమాధవికి. చలపతిరావు మాత్రం ఎందుకో చెప్పుల వంక చూసుకుంటున్నాడు. బాలరాజు ఫోనొచ్చినట్టు పక్కకు జరిగాడు. నిచ్చెన మీది మనిషి ఒక మెట్టు దిగి కింది అంచు మడత లాగాడు. అన్నపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

ఫొటో కింద, ఎర్రటి అక్షరాల్లో, "యోగాకు ముందు" అని ఉంది.