బెల్లం, సున్నం

పాత లాంచీ ఇంజనుని చెరకు గానుగకి బిగించే ముందు, నర్సీపట్నం మేస్త్రీ సోమసుందరం దాని పొగగొట్టం విప్పి చూశాడు. లోపలంతా ఉప్పు పేరుకుని ఉంది. చాకుతో గీకితే మసి కింద పగులు బయటపడింది. బెల్లం, సున్నం కలిపి పూడ్చేశారు. రెండు రోజులు వేడి తగిలితే రాలిపోయే పూత.

ఇంజను అమ్మి, బండి మీద తెచ్చి దించినవాడు, పదేళ్లు తన దగ్గరే పని నేర్చుకున్న మన్మథరావు.

"ఏట్లో తిరిగిన లాంచీదే, సముద్రం మొహమే ఎరగదని ఒట్టేసి సెప్పినావు కదరా! నన్నే మోసం సేసేస్తావేట్రా?"

మన్మథరావు తల దించుకోలేదు.

"ఈ పూత నేర్పింది మీరే కదండీ. రోలుగుంటలో మా బావకి పాత ఇంజను అమ్మిననాడు, పగులు మీద నా సేతే పూయించినారు. ఆయన ముందు ఒట్టు కూడా నా సేతే ఏయించినారు."