తల్లిలేని హీరోయిన్లు

"ఇందులోనూ అమ్మని చంపేశావా?" తల్లి రాసిన కొత్త టీనేజీ నవలను కూతురు బల్లమీద పడేసింది. "నీ హీరోయిన్లందరూ తల్లిలేని పిల్లలే. అందరూ ఇల్లొదిలి సాహసాలకు పోయేవాళ్లే. మా క్లాసులో ఎవరూ చదవట్లేదమ్మా, విసుగొచ్చేసిందట."

తల్లి నొచ్చుకుంది. "అమ్మ బతికుంటే ఆడపిల్లని గడప దాటనిస్తుందా? ఇక కథేం నడుస్తుంది?"

"మరి నాకు మెరైన్ కాలేజీలో సీటొచ్చింది కదా. ఈ ఏడాది చేరడానికి రేపే ఆఖరు. పంపిస్తావా?"

"సముద్రం మీదికా? మళ్లీ ఆ మాటెత్తావంటే ఊరుకోను. నేను బతికుండగా పంపను!"

అనేశాక గానీ ఆ మాట ఆమె చెవిన పడలేదు.

కూతురు ఏడవలేదు, వాదించలేదు. తల్లివైపు అలాగే చూస్తూ నిలబడింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఎదురుచూసే ఓపిక కనిపించింది.